67 కాలువలు, ఒక్క ఉప్పుటేరు

విజయవాడను ముంచిన బుడమేరు వాగు గురించి మాట్లాడేవాళ్లంతా ఒకేచోట ఆగిపోతున్నారు. ఆక్రమణలు తొలగించాలి, కట్టలు బలపరచాలి, వాగు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ చానల్ వెడల్పు చేయాలి, నగరం మధ్య పూడిక తీయాలి. ఇంతవరకు అధికార పక్షానిదీ, ప్రతిపక్షానిదీ, ఇంజినీర్లదీ ఒకే మాట. విజయవాడలోంచి నీళ్లు ఎంత త్వరగా బయటపడితే అంత మంచిదని అందరూ ఒప్పుకుంటున్నారు. బయటపడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగితే కొల్లేరులోకి అంటున్నారు. కొల్లేరులోంచి ఎక్కడికి అని మాత్రం ఎవరూ అడగడం లేదు. ప్రభుత్వం 'ఆపరేషన్ బుడమేరు' ప్రకటించిన నాటి నుంచి వచ్చిన వ్యాసాల్లో, చర్చల్లో ఈ రెండో ప్రశ్న కోసం వెతికి విసుగెత్తింది. ఆ ప్రశ్న లేకుండా తయారయ్యే ఏ ప్రణాళికైనా వరదను విజయవాడ సింగ్‌నగర్ నుంచి కొల్లేటి లంక గ్రామాల మీదికి తోస్తుంది తప్ప తగ్గించదు.

ఒక లెక్క ముందు పెట్టుకుందాం. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు కాక, కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి చిన్నవీ పెద్దవీ కలిపి 67 కాలువలు, డ్రెయిన్లు కొల్లేటితో ముడిపడి ఉన్నాయి. కొల్లేరులోంచి సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్లు రావడానికి 67 దారులు, పోవడానికి ఒకటి. ఈ 67కు 1 అన్న లెక్క జలవనరుల శాఖకు కొత్త కాదు. కొల్లేటి మీద వచ్చిన ప్రతి నివేదికలోనూ ఏదో ఒక పేజీలో ఉంటుంది. అయినా నిధుల కేటాయింపులో దాని జాడ కనబడదు. డబ్బంతా 67 వైపే పోతుంది, 1 వైపు పోదు.

పోనీ ఆ ఒక్కటైనా వాటంగా పారే ఏరా అంటే అదీ కాదు. కొల్లేరు అభయారణ్యం హద్దును సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున, అంటే ప్లస్ 5 కాంటూరు దగ్గర గీశారు. సరస్సులో నీళ్లు ఆ గీత దాకా నిండాయనుకున్నా, సముద్రానికి చేరడానికి వాటికి దొరికే వాలు 60 కిలోమీటర్లకు ఐదు అడుగులే. అంటే కిలోమీటరుకు ఒక అంగుళం. అందులోనూ రోజుకు రెండుసార్లు సముద్రం పోటెత్తుతుంది. పోటు సమయంలో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీటిమట్టం పెరిగితే ఆ కాస్త వాలూ సన్నగిల్లుతుంది. వాయుగుండం తీరానికి దగ్గరగా ఉన్న రోజుల్లో అలలు మొగను మూసినంత పని చేస్తాయి. పైన కుండపోత, కింద పోటు ఒకేసారి వస్తే ఉప్పుటేరు పారడం మానేసి నిలబడిపోతుంది. అప్పుడు బుడమేరును ఎంత వెడల్పు చేస్తే కొల్లేరు అంత త్వరగా ఉబ్బుతుంది.

2024 సెప్టెంబరులో జరిగింది ఇదే. 1వ తేదీన డైవర్షన్ చానల్ గట్టు తెగి విజయవాడ మునిగింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు సృష్టించింది. నది అంత ఎత్తున పారుతుంటే డైవర్షన్ చానల్ నీటికి అందులో కలిసే చోటు ఉండదు. ఇదంతా పాఠకులకు తెలిసిందే. ఆ తర్వాతి రోజుల సంగతి మాత్రం జిల్లా పేజీలు దాటి రాలేదు. గండ్లు పూడ్చాక నగరంలో ఇళ్లు కడుక్కుంటుంటే, నందివాడ మండలంలో ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి. కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డెక్కింది. పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక వంటి ఊళ్లకు దారి పడవే అయింది. నగరం మునిగింది రోజుల లెక్కన, లంకలు మునిగి ఉన్నది వారాల లెక్కన. టీవీ కెమెరాలు మొదటిదాన్ని చూపించాయి, విధానం కూడా మొదటిదాని కోసమే తయారవుతోంది.

ఎక్కువమంది ఇక్కడ చేపల చెరువుల పేరెత్తి ముగించేస్తారు. చెరువుల గట్లు కొల్లేటిలో నీటి నడకకు అడ్డు పడుతున్నాయన్నది నిజమే. 2006లో గట్లు పగలగొట్టారు, తర్వాత అవి మళ్లీ లేచాయి. ప్లస్ 5 కాదు, ప్లస్ 3 కావాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నా మాట సూటిగా చెబుతాను. సరస్సు గుండెలో పెద్ద పెట్టుబడిదారులు వేసిన గట్లు పోవాల్సిందే. కాంటూరు తగ్గించడమంటే వరద నిలిచే చోటు తగ్గించడమే. అయితే ఈ తగువు ఎటు తేలినా 67కు 1 అన్న లెక్క మారదు. రేపు కొల్లేటిలో ఒక్క గట్టూ లేకుండా చేసినా, ఉప్పుటేరు ఇలాగే పూడికతో, తూటికాడతో, గుర్రపుడెక్కతో, ఇరుపక్కలా ఆక్రమణలతో ఉంటే నీళ్లు అక్కడే ఆగుతాయి.

ఇక ఈ ఒక్క ఏరుకు బాధ్యులెవరు? 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడగొట్టక ముందు ఈ నీటి దారి రెండు జిల్లాల్లో ఉండేది, కృష్ణా, పశ్చిమ గోదావరి. ఇప్పుడు బుడమేరు ఎన్టీఆర్ జిల్లా కొండల్లో పుట్టి, కృష్ణా జిల్లా మీదుగా వచ్చి, ఏలూరు జిల్లాలో సరస్సులో కలుస్తుంది. అక్కడి నుంచి ఉప్పుటేరు దిగువన పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య సరిహద్దుగా సముద్రానికి పోతుంది. నలుగురు కలెక్టర్లు. తమ్మిలేరు పుట్టుక ఖమ్మం వైపు కొండల్లో కాబట్టి పొరుగు రాష్ట్రం కూడా ఉంది. కాలువ జలవనరుల శాఖది, సరస్సు అటవీ శాఖది, చెరువులు మత్స్య శాఖవి, గట్ల కింది భూమి రెవెన్యూది, నగరపు డ్రెయిన్లు కార్పొరేషన్‌వి. విజయవాడలో కేంద్రం ఇచ్చిన నిధులతో మొదలుపెట్టిన వాననీటి కాలువల పని ఏళ్ల తరబడి సగంలోనే ఉండిపోయింది. అది పూర్తయితే నగరపు నీళ్లు బుడమేరులోకి ఇంకా వేగంగా దిగుతాయి. దానివల్ల ఉప్పుటేరు చివరనున్న మొగల్తూరు, కృత్తివెన్ను మండలాల్లో ఏం జరుగుతుందో లెక్కగట్టాల్సిన బాధ్యత ఈ నలుగురు కలెక్టర్లలో ఏ ఒక్కరి మీదా లేదు.

వరద నీరే కాదు, నగరం మురుగు కూడా ఇదే దారిన పోతుంది. విజయవాడ, గుడివాడ, ఏలూరు విడిచిన మురికి, పొలాల్లోని ఎరువులు, పురుగుమందులు, చెరువుల అడుగు బురద అన్నీ కొల్లేటికి చేరి, ఉప్పుటేరు మీదుగా మొగకు దిగుతాయి. రొయ్య పిల్ల, ఎన్నో రకాల చేప పిల్లలు పోటు మీద ఎగువకు ఎక్కి, ఉప్పూ తీపీ కలిసిన నీళ్లలో పెరిగి తిరిగి సముద్రానికి వెళ్తాయి. తీరంలో వేట మీద బతికే కుటుంబాల సంపాదన ఈ రాకపోకల మీద ఆధారపడింది. మొగను మనం వరద వదిలే గొట్టంగానే చూస్తున్నాం. అక్కడ వేటాడేవాళ్లను బుడమేరు సమీక్షకు పిలవాలన్న ఆలోచన కూడా రాదు.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన పాతదే. వేసవిలో కొల్లేరు ఎండినప్పుడు ఉప్పునీరు ఎగదన్ని వస్తుంది, పొలాలు చౌడు బారుతున్నాయి, కాబట్టి తలుపులు కావాలంటారు. ఆ బాధ నిజం. అయితే తలుపు కట్టడం సులభం, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో నిర్ణయించడం కష్టం. చెరువు రైతుకు నీళ్లు నిలవాలి, వరి రైతుకు ఉప్పు రాకూడదు, లంక ఊరివాడికి నీళ్లు దిగాలి, మొగ దగ్గర జాలరికి పోటు ఎగువకు పోవాలి. నలుగురి అవసరాలు నాలుగు దిక్కులు. వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే సంస్థ లేకుండా కట్టిన తలుపు ఎవరి పలుకుబడి ఎక్కువైతే వాళ్ల చేతిలో ఉంటుంది. ఎక్కువ రోజులు మూసి ఉంచితే దిగువన పూడిక పేరుకుంటుంది. 67కు ఉన్న 1 కూడా ముప్పావో సగమో అవుతుంది.

మరో సంస్థ ఎందుకు, ఉన్న శాఖలు చాలవా అని అంటారు. ఆ అనుమానం కొంతవరకు న్యాయమే. బోర్డు మార్చి జీతాలిచ్చే సంస్థలు మనకు చాలానే ఉన్నాయి. కానీ పక్క రాష్ట్రం ఒడిశాలో చిలికా ఉదాహరణను మనవాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. చిలికా పూరీ, ఖుర్దా, గంజాం మూడు జిల్లాల్లో పరుచుకున్న సరస్సు. 1991లో దాని కోసం చిలికా అభివృద్ధి సంస్థను పెట్టారు. పూడిక పెరిగి, సముద్రంతో రాకపోకలు తగ్గి, ఉప్పదనం పడిపోయి, 1993లో అది ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ పట్టికకెక్కింది. ఆ సంస్థ ఎగువన పరీవాహక ప్రాంతంలో మట్టి కొట్టుకుపోకుండా పనులు చేసింది, దిగువన 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వింది. కొండ నుంచి మొగ దాకా ఒకే పటం మీద పని. చేపల దిగుబడి కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో ఆ ప్రమాద పట్టిక నుంచి చిలికా పేరు తీసేశారు, చిత్తడి నేలల రక్షణకు ఇచ్చే రామ్సార్ పురస్కారం కూడా ఇచ్చారు.

అదే 2002లో కొల్లేరు రామ్సార్ జాబితాలోకి ఎక్కింది. ప్రమాద పట్టికలోంచి బయటికి వచ్చిన సరస్సు వాళ్లది, కొత్త గౌరవంతో లోపలికి వెళ్లిన సరస్సు మనది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మనం కాంటూరు గీత గురించే కొట్లాడాం. ఉప్పుటేరు వాలు గురించి కొట్లాడలేదు.

చిలికా అంతా సక్రమంగా ఉందని కాదు. అక్కడా ఘేరీల పేరిట రొయ్యల కట్టలున్నాయి, తగాదాలున్నాయి. కొల్లేరు మంచినీటి సరస్సు, చిలికా ఉప్పూ తీపీ కలిసిన నీటి సరస్సు, రెండింటి మందు ఒకటి కాదు. అయినా అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఒకటుంది: మూడు జిల్లాలకూ కలిపి ఒక అధికారం, దానికి ఎగువా దిగువా రెండూ చూడాల్సిన బాధ్యత, సొంత ఇంజినీర్లు, సొంత లెక్కలు. నేను అడుగుతున్నది ఆ ఒక్క ఏర్పాటే. పదిహేను ఇరవై శాఖల అధికారులు మూడు నెలలకోసారి కలిసి టీ తాగే సమన్వయ కమిటీ నాకు వద్దు.

బుడమేరు–కొల్లేరు–ఉప్పుటేరు అధికార సంస్థకు చట్టం కావాలి. డైవర్షన్ చానల్ మొదలయ్యే వెలగలేరు నుంచి మొగ దాకా నాలుగు జిల్లాల డ్రెయిన్ పనులకు దాని అనుమతి తప్పనిసరి కావాలి. ఉప్పుటేరు ఎంత వదులుతోందో పోటు వేళా పాటు వేళా కొలిచి ప్రజలకు చూపించాలి. లంక గ్రామాల, మొగ జాలరుల ప్రతినిధులకు దానిలో ఓటు ఉండాలి. ఇవేవీ చేయకుండా, విజయవాడ ఓట్ల లెక్క పెద్దది కాబట్టి విజయవాడ నీళ్లు ముందు తోసేద్దామనుకుంటే, ఆ మాట కైకలూరు సభలో, ఏలూరు సభలో నిలబడి చెప్పే ధైర్యం మంత్రులకు ఉండాలి. లంకల్లో ఇళ్లు వారాల తరబడి మునిగి ఉండటం నగరం పొడిగా ఉండటానికి మనం కట్టే ధర అని ఒప్పుకోవాలి. ఒప్పుకోరు. ఆ ధర ఎవరికీ చెప్పకుండా లంకల పేరు మీద రాసేశారు.

బుడమేరు వెడల్పు అంచనా పత్రం ఆర్థిక శాఖకు వెళ్లినప్పుడు, ఉప్పుటేరు పద్దు అందులో లేకపోతే దాన్ని వెనక్కి పంపాలి. మొగ దగ్గర ఒక్క అడుగు కూడా తవ్వకుండా నగరంలో తవ్వే ప్రతి అడుగుకూ బిల్లు పాసైతే, రాబోయే వరదలో మునిగే లంక గ్రామాల నష్టపరిహారం లెక్క కూడా ఆ సంతకం పెట్టినవాళ్ల దగ్గరే మొదలవ్వాలి.