కప్పుకు తెల్లరంగు సరే, చల్లదనం చూసేదెవరు?

ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటల వేళ రేకుల ఇంట్లో కూర్చోవడం ఎవరి తరమూ కాదు. శంషాబాద్ చుట్టుపక్కల గొల్లపల్లి, మామిడిపల్లి, పెద్దగోల్కొండ, పాల్మాకుల, ముచ్చింతల వంటి గ్రామాల వారికి ఇది చెప్పవలసిన సంగతి కాదు. గూనపెంకుటిళ్ళు, మట్టి మిద్దెలు పోయి రేకులూ స్లాబులూ వచ్చిన తరువాత ఇళ్ళు గట్టిపడ్డాయి గాని చల్లదనం పోయింది. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. ముసలివారు, బాలింతలు, పసిపిల్లలు వేపచెట్టు నీడకు పోవలసిందే. ఆ వేపచెట్లు కూడా ప్లాట్ల కింద పోతున్నాయి.

ఈ బాధకు ప్రభుత్వం వద్ద మందు లేకపోలేదు. 2023 ఏప్రిల్‌లో నాటి పురపాలక శాఖ మంత్రి కె. తారకరామారావు ‘తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023-28’ను ప్రకటించిన విషయం విదితమే. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత గాని, తెల్లని టైల్స్ గాని, పైన పరిచే పొర గాని వేసి అయిదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలన్నది లక్ష్యం. ఇందులో 200 హైదరాబాద్‌కు, 100 మిగతా రాష్ట్రానికి. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేశారు. ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళకూ వర్తిస్తుందన్నారు. అంతకన్న చిన్న ఇళ్ళకు యజమాని ఇష్టం. అంటే నూరు గజాల జాగాలో రేకులు వేసుకున్న కూలీ ఇల్లు ‘ఇష్టం’ జాబితాలోకి వస్తుంది. ఎండ మాత్రం ఇష్టం అడిగి కొట్టదు.

విధానం గాలిలోంచి పుట్టినది కాదు. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ పైకప్పులపై తెల్లని ప్లాస్టిక్ పొర పరిచి చూశారు. ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇందులో పాల్గొన్నాయి. పక్కన పొర లేని ఇళ్ళతో పోలిస్తే లోపలి వేడి సుమారు 2 డిగ్రీలు తగ్గినట్లు తేలింది. రెండు డిగ్రీలేనా అని తీసిపారేయరాదు. నిద్ర పట్టడానికి, పట్టకపోవడానికి మధ్య తేడా అంతే. మరో సంగతి కూడా ఉన్నది. 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చిన గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే కరెంటు బిల్లు లేదు. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టుకోవలసిందే. కూలరు తిరిగే మే నెలలో ఈ గీత దాటడం సులభం. కప్పు చల్లబడితే గీత లోపలే ఉండవచ్చు.

అయితే చిక్కు ఇక్కడే ఉన్నది. బల్బు మంచిది కాకపోతే మాడిపోతుంది, అందరికీ కనిపిస్తుంది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపై పెట్టే సౌర పలకలు పనిచేయకపోతే మీటరు చెబుతుంది. ఆ పథకంలో పలకలు బిగించాక విద్యుత్ సంస్థ వారు వచ్చి చూసి, మీటరు పెట్టిన తరువాతనే 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ యజమాని ఖాతాలో పడుతుంది. బిగించిన వ్యాపారి అయిదేళ్ళు మరమ్మతు చూడాలి. పైకప్పు పూతకు మీటరు లేదు. మంచి పూతా, మోసపు పూతా మొదటి రోజున ఒకే తెలుపుగా మెరుస్తాయి. ఫోటోలో రెండూ ఒకటే.

మోసం ఎలా జరుగుతుందో పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా చెప్పగలరు. గోడల లోపలివైపు వేసే డిస్టెంపరు కప్పుకు పూస్తే తొలకరికే కొట్టుకుపోతుంది. మంచి పూతలోనే నీళ్ళు ఎక్కువ కలిపి రెండు పూతల చోట ఒకటి సరిపెట్టవచ్చు. స్లాబు మీది నాచు గీకకుండా, దుమ్ము కడగకుండా, పగుళ్ళు పూడ్చకుండా పూస్తే ఏడాది తిరగకముందే పెచ్చులుగా లేస్తుంది. కారే స్లాబుకు తెల్లరంగు వేస్తే ఎండ తగ్గవచ్చునేమో గాని వాన ఆగదు. అది వేరే పని. సిమెంటు రేకుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆస్‌బెస్టాస్ కలిసిన పాత రేకులను పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడిపి మాత్రమే శుభ్రం చేయాలి. రేకుల మీద కాలు పెడితే విరిగి కిందపడే ప్రమాదం సరేసరి.

శంషాబాద్ ప్రాంతానికి మరో శత్రువు దుమ్ము. ఔటర్ రింగురోడ్డు లారీలు, ఎక్కడ చూసినా లేస్తున్న భవనాలు, వెంచర్ల మట్టి పని. ఎంత మేలైన తెల్లపూత అయినా మొదటి ఏడాదిలోనే మసకబారి ఎండను తిప్పికొట్టే శక్తి కొంత పోగొట్టుకుంటుంది. ఎండలు ముదరకముందు ఒకసారి కప్పు కడిగితే పోయిన దానిలో చాలావరకు తిరిగి వస్తుంది. కడగాలని ఇంటివారికి చెప్పేవారుండాలి. నీళ్ళు కూడా ఉండాలి.

లెక్క చూపి పని చూపకపోవడం మన గ్రామాలకు కొత్త కాదు. పొగలేని పొయ్యి సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1983 డిసెంబరులో కేంద్రం మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్లు లెక్క తేలింది. 2002లో కార్యక్రమమే ఆగిపోయింది. లోపం ఊహలో లేదు. కట్టెలు తక్కువ కాలి, పొగ గొట్టం గుండా బయటికి పోయే పొయ్యి ఎవరికి చేదు? కాని పొయ్యి నోరు, లోపలి దారి కొలత ప్రకారం ఉంటేనే అది పనిచేస్తుంది. పెట్టేవారికి పొయ్యికింత అని డబ్బు, లక్ష్యం ఎన్ని పొయ్యిలని. ఏడాది తరువాత వెలుగుతున్నవి ఎన్ని అని ఎవరూ కూలి ఇవ్వలేదు. గొట్టం మసిపట్టి మూసుకుపోయింది. పెద్ద గిన్నె కూర్చోలేదు. వంట చేసే ఆడవారు దానిని పగులగొట్టి పాత మూడు రాళ్ళకు వచ్చారు. వారిని అడిగి ఉంటే మొదటి నెలలోనే చెప్పేవారు.

ఇందిరమ్మ ఇళ్ళ మొదటి విడతలో బిల్లులు లేచి ఇళ్ళు లేవలేదన్న ఆరోపణలపై 2014లో సీఐడీ విచారణ వేయవలసి వచ్చింది.

ఇది మన దేశపు జబ్బే అనుకోరాదు. బ్రిటన్‌లో చలి ఆగడానికి ప్రభుత్వ పథకాల కింద ఇళ్ళ గోడలకు బయటివైపు పొరలు వేశారు. 2025 అక్టోబరులో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం ఇచ్చిన నివేదిక ప్రకారం, అలా పొర వేసిన ఇళ్ళలో నూటికి 98 ఇళ్ళలో లోపాలున్నాయి. సరిదిద్దకపోతే చెమ్మ, బూజు పట్టే లోపాలవి. నేర్పు చాలని పనివారు, చేతులు మారిన సబ్ కాంట్రాక్టులు కారణాలలో కొన్ని. సంపన్న దేశంలోనే ఇలా జరిగితే ఇక్కడ ముందే మేలుకోవడం మంచిది.

దూరం పోనక్కరలేదు. 2008 మార్చిలో తెరచిన శంషాబాద్ విమానాశ్రయ భవనానికి ఇంధన పొదుపు, పర్యావరణ ప్రమాణాలపై బయటి సంస్థ వారు లెక్క చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. అక్కడ ప్రతి యూనిట్‌కూ కొలత ఉన్నది. ఆ భవనం కోసం భూములిచ్చిన ఊళ్ళ ఇళ్ళకు అటువంటి కొలత ఒక్కటైనా వద్దా?

కొలత పెట్టడం కష్టమేమీ కాదు. పూతకు ముందు ఒకరోజు, తరువాత ఒకరోజు వేడి చూసి సంబరపడితే చాలదు. నిన్నటి ఎండ వేరు, నేటి ఎండ వేరు. అదే రోజు, అదే మధ్యాహ్నం, పూత వేసిన ఇంట్లోనూ పక్కనే ఉన్న అటువంటి పూత లేని ఇంట్లోనూ థర్మామీటరు పెట్టి చూస్తే నిజం తేలుతుంది. అన్ని ఇళ్ళూ చూడనక్కరలేదు. నూరింటికి పది చాలు. ఆ పది ఏవో కాంట్రాక్టరుకు ముందుగా తెలియరాదు. చూసేవారు అతనివద్ద డబ్బు తీసుకునేవారు కారాదు. పాలిటెక్నిక్ విద్యార్థులు ఒక మధ్యాహ్నంలో చేయగల పని ఇది. మరుసటి ఎండాకాలం అవే ఇళ్ళను మళ్ళీ చూడాలి. బిల్లులో కొంత భాగం ఆ రెండవ పరీక్ష దాకా ఆపి ఉంచితే పూసినవాడు పూతను మరచిపోడు.

ఇంటివారూ కొంత చూసుకోవచ్చు. డబ్బాపై ఎంత విస్తీర్ణానికి వస్తుందో రాసి ఉంటుంది. తమ కప్పు ఎన్ని చదరపు అడుగులో, ఖాళీ డబ్బాలు ఎన్ని మిగిలాయో లెక్కపెడితే నీళ్ళు ఎంత కలిసిందీ తెలిసిపోతుంది. వేలిముద్ర వేసేముందు డబ్బా పేరు, పూతలు ఎన్ని, గ్యారంటీ ఎన్నేళ్ళు అన్నది కాగితంపై రాయించుకుని అడిగి చదివించుకోవాలి.

ప్రస్తుత ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా ఇస్తున్నారు. ప్రతి విడతకూ ఫోటో తీస్తున్నారు. స్లాబు విడతకు ఇంజనీరు వచ్చినపుడే పైకప్పు పూతను కూడా ఎస్టిమేటులో చేర్చి, పై పరీక్షను జతచేయవచ్చు. విధానం ప్రకటించిననాడు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయల ఖర్చని మంత్రి అన్నారు. ఆ లెక్కన 400 చదరపు అడుగుల ఇంటికి పదకొండు వేల పైచిలుకు. కూల్ రూఫ్ విధానానికి గడువు 2028. రంగారెడ్డి జిల్లా కలెక్టరు, గృహనిర్మాణ శాఖ వారు రాబోయే ఫిబ్రవరిలోగా ఈ ప్రాంతంలో ఒక్క గ్రామాన్ని ఎంచుకుని, అక్కడి ఇళ్ళ వేడిని పూతకు ముందూ తరువాతా కొలిపించి, ఆ అంకెలను పంచాయతీ గోడపై రాయించాలని కోరవలసి ఉన్నది.