కడుపున పడ్డ కరవు

1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్ రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. దేశాన్ని ఆక్రమించుకున్న జర్మన్ సేనలు కక్షగట్టి పశ్చిమ ప్రాంతానికి తిండిగింజలు ఆపేశాయి. ఆ చలికాలం ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరాల్లో మనిషికి దక్కే రేషన్ రోజుకు వెయ్యి కేలరీల లోపుకు పడిపోయింది. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. 1945 మేలో విముక్తి వచ్చింది. కరవు ముగిసిందనే అనుకున్నారు.

ముగియలేదు. కరవు ముదిరిన నెలల్లో కడుపున పడ్డ బిడ్డల్లో, పెద్దయ్యాక, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు దాదాపు రెట్టింపుగా కనిపించిందని 1990లలో పరిశోధకులు తేల్చారు. 1959-61 నాటి మహాకరవు పాలైన చైనాలోని అన్హుయ్‌లోనూ లెక్క అలాగే వచ్చింది. రెట్టింపు అన్నంత మాత్రాన బెంబేలు పడనక్కర్లేదు. ఆ బిడ్డల్లో అత్యధికులకు ఆ జబ్బు రానేలేదు.

అయినా నింద ఎప్పుడూ తల్లిమీదే. గ్రహణంనాడు కత్తి పట్టిందనడం మన ఇళ్లలో మాట. బిడ్డ ఆటిజానికి తల్లి మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉండడమే కారణమని 1950, 60లలో అమెరికాలో పెద్ద చదువులవాళ్లే అన్నారు! డచ్ తల్లుల తప్పేముంది? తిండి ఆపింది సైన్యం.

రక్తహీనతతో కాన్పుకొచ్చిన గర్భిణిని 'సరిగా తినలేదేం?' అని కసిరే ముందు, అంగన్‌వాడీకి గుడ్లు, పాలు సక్రమంగా చేరాయో లేదో అధికారులు చూసుకోవాలి. బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్రను మూడో నెలలో చేతికిస్తే ఆ దశ దాటిపోయినట్టే. పిల్లల్ని కనాలనుకున్న రోజునుంచే ఆ మాత్ర అందాలి.