ఫస్టొచ్చావా అమ్మడూ?

హైస్కూలు పిల్ల 1500 మీటర్లు పరుగెత్తి ఇంటికొస్తే మనం అడిగేది ఒక్కటే: "ఫస్టొచ్చావా?" రాలేదంటే మూతి ముడుచుకుంటాం. ఫస్టు రావడం పిల్ల చేతిలో లేదండీ, పక్కపిల్ల కాళ్ళలో కూడా ఉంది! తన చేతిలో ఉన్నది తన టైమొక్కటే.

ఆరు నిమిషాల్లో ముగించాలనుకుంటే 400 మీటర్ల చుట్టుకి 96 సెకన్లు. మొదటి చుట్టే 80లో లాగించేస్తే చివరికి మిగిలేది ఆయాసమే. ఈ లెక్క మనకి తెలియనిదా? ఒకటో తారీఖు జీతాన్ని ముప్ఫయ్యో తారీఖుదాకా లాక్కొచ్చేవాళ్ళం కామూ?

"ఆడపిల్లకి అంత పరుగెందుకు?" అనే పెద్దలింకా ఉన్నారు. ఒలింపిక్స్ పెద్దలూ ఈ బాపతే. 1928లో ఆడవాళ్ళకి 800 మీటర్ల పందెం పెట్టి, తట్టుకోలేకపోతున్నారంటూ 1960దాకా ఎత్తేశారు. మారథాన్ 1984లోగాని దక్కలేదు. ఆ వంకలన్నీ తప్పని తేల్చింది పరుగెత్తిన ఆడవాళ్ళే. 2023 ఆసియా క్రీడల్లో 5000 మీటర్ల స్వర్ణం తెచ్చింది మన పారుల్ చౌధరి కాదూ?

కనుక తల్లులారా, "ఎన్నోదానివి?" అనకండి. "కిందటిసారికన్నా ఎన్ని సెకన్లు తగ్గించావే?" అనడగండి. అప్పుడు ఓడిన పిల్లకూడా మర్నాడు పొద్దున్నే బూట్లు కట్టుకుంటుంది.