మెరుపు వేరు, రక్షణ వేరు

పిల్లలూ! మా చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఓ గంటసేపు నిలబడి చూడండి. బెంగుళూరుకు పోయే కార్లు, అక్కడి నుంచి వచ్చే కార్లు లెక్కకు అందవు. వాటి మధ్య కొత్త కార్లను అంతస్తులుగా పేర్చుకుని పోయే పొడవాటి లారీలు కూడా కనిపిస్తాయి. మనకు పెద్ద దూరం లేని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉందిగదా! దానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో అక్కడి నుంచి మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఒకప్పుడు వేరుశనగకూ కరువుకూ పేరుబడిన సీమ ఇప్పుడు కార్లు తయారుచేస్తోంది. అందుచేత కారు రంగు గురించిన శాస్త్రం మన పిల్లలకు తెలిసి ఉండడం మంచిదని నా అభిప్రాయం.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, మా నాయన టాక్సీ నడుపుతాడు. కారుకు మెరుపు పూత వేయిస్తే రంగుకు ఏమీ కాదని ఎవరో చెబితే, ఒక నెల కంతు డబ్బు దానికి పెట్టినాడు. నాలుగు నెలలకే ఎండలో చూస్తే ఒళ్లంతా సాలెగూడు మాదిరి గీతలు! ఇప్పుడు ఒకరు మైనం పూయమంటారు, ఇంకొకరు సీలెంట్ అంటారు. ఏది నమ్మాల సార్?" అని అడిగాడు.

"మీ నాయన పొద్దున్నే కారును ఎట్లా తుడుస్తాడప్పా?" అన్నాను.

"పొడిగుడ్డతో దుమ్ము దులుపుతాడు సార్, నీళ్లు యాడున్నాయి?" అన్నాడు.

జవాబు సగం అక్కడే దొరికింది. ఎట్లాగో చూద్దాం.

కారు రంగు ఒకే పొర కాదు. ముందు ఉక్కు రేకుకు ఫాస్ఫేటు లవణాలతో ఒక పూత ఇస్తారు. తరువాత కారు ఒంటిని రంగు తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, తుప్పు పట్టనివ్వని పొరను అంటిస్తారు. దానిమీద ప్రైమరు, ఆ పైన అసలు రంగు, అన్నిటికీ పైన గాజులాగా పారదర్శకమైన క్లియర్ కోటు. ఇన్ని పొరలూ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. క్లియర్ కోటు ఒక్కటే అయితే మన తలవెంట్రుక మందంలో సగం ఉంటుంది, అంతే. కారు మెరుపంతా ఆ సగం వెంట్రుక నునుపు మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు మన దుమ్ము సంగతి. మన ఎర్రమట్టిలో, గ్రానైటు గుట్టలు అరిగి రాలిన ఇసుకలో క్వార్ట్‌జ్ రేణువులు ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్దలో వజ్రానిది 10 అయితే క్వార్ట్‌జ్‌ది 7. అది గాజును కూడా గీస్తుంది. అలాంటి రేణువుల మీద పొడిగుడ్డ పెట్టి రుద్దడమంటే కారును గరుకు కాగితంతో తోమడమే! ఆ సాలెగూడు గీతలు అట్లా పడినవే. ఏ పూతా వాటిని ఆపలేదు.

"మాది 9హెచ్ గట్టిదనం గల సిరామిక్ పూత" అని కొన్ని ప్రకటనల్లో చదువుతాము. వింటే వజ్రానికి ఒక్క మెట్టు కిందనే ఉన్నట్టు అనిపిస్తుంది. కాని ఈ 9హెచ్ మోస్ కొలబద్దలోని అంకె కాదు, పెన్సిలు గట్టిదనం! మీ పెట్టెలోని పెన్సిలు మీద హెచ్‌బి, 2హెచ్ అని ఉంటుంది చూడండి, ఆ వరుసలో గట్టి పెన్సిలు 9హెచ్. ఆ పెన్సిలుతో గీస్తే గీత పడలేదని దాని అర్థం. పెన్సిలు ములికి గీయకపోవడం వేరు, క్వార్ట్‌జ్ ఇసుక గీయకపోవడం వేరు. అంకె అబద్ధం కాదు. దాన్ని మనం అర్థం చేసుకున్న తీరే తప్పు.

మరి ఈ పూతలు దండగేనా? కాదు. ఒక్కొక్కదాని పని ఒక్కొక్కటి.

మొదటిది మైనం. కార్ల మైనాల్లో పేరున్నది కార్నౌబా. ఇది బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. అదీ మన సీమలాగే ఎండకాగే నేల. ఆకుల్లోని నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు మైనపు దుప్పటి కప్పుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగితే, కార్నౌబా 82 డిగ్రీలు దాటితే గాని కరగదు. అయితే డబ్బాలో దొరికేది వట్టి కార్నౌబా కాదు, నూనెలూ ద్రావకాలూ కలిపిన మెత్తని ముద్ద. మెరుపు బాగా ఇస్తుంది. కాని ఎండకూ కడుగుళ్లకూ కొద్ది వారాల్లోనే అరిగిపోతుంది.

రెండోది సీలెంట్. ఇది చెట్టు నుంచి రాదు; రసాయనశాలలో చేసిన పాలిమర్ల పూత, తరచు సిలికోన్ జాతిది. రంగును గట్టిగా పట్టుకుంటుంది, కొన్ని నెలలు నిలుస్తుంది.

మూడోది సిరామిక్ పూత. సిలికా సంబంధమైన ఈ పదార్థం రంగు మీద గట్టిపడి ఏళ్ల తరబడి ఉండగలదు. ఖర్చు ఎక్కువ. పూసేముందు రంగును పాలిష్ చేసి శుభ్రం చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాలిష్ వేరు, మైనం వేరు. మైనం ఒక పొరను చేరుస్తుంది. పాలిష్‌లో సన్నని గరుకు పొడి ఉంటుంది. అది పొరను తీస్తుంది. గీతలు పోయినట్టు కనిపించేది క్లియర్ కోటు కాస్త అరిగినందుకే. సగం వెంట్రుక మందాన్ని ఎన్నిసార్లని అరగదీస్తాము? కిరోసిను, డీజిలు, కొబ్బరినూనె గుడ్డతో తుడిచే అలవాటు కూడా ఉంది. అప్పటికి మెరుస్తుంది. సాయంత్రానికి ఆ జిడ్డుకు దుమ్మంతా అంటుకుంటుంది.

ఈ పూతలన్నీ చేసే మేలు ఒక్కటే: తాము ముందు నిలబడి దెబ్బ తినడం. పక్షి రెట్టలోని ఆమ్లం, చెట్టు జిగురు, పురుగుల మరకలు ముందు పూతను తాకుతాయి. అవి రంగులోకి దిగేలోగా కడిగేయడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. నీరు జారిపోతుంది, దానితో దుమ్ము తేలికగా పోతుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడంలోనూ మైనానిదే పాత్ర. తామరాకుకు మైనంతో పాటు కంటికి కనపడని బొడిపెలు కూడా ఉంటాయి.

నీరు బొట్లు బొట్లుగా నిలిచిందని మురిసి ఊరుకోరాదు. మన బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. బొట్టు ఎండలో ఆరితే నీరు పోతుంది, లవణం తెల్లమచ్చగా మిగులుతుంది. కడిగిన వెంటనే మెత్తని తడిగుడ్డతో నీటిని అద్దాలి.

ఇక నా ఎంపిక చెబుతాను. మన ఎండకు, మన దుమ్ముకు, టాక్సీ నడుపుకునే వారి సంపాదనకు మధ్యరకం సీలెంట్ చాలు. నాలుగైదు నెలలకొకసారి, నీడలో, శుభ్రంగా కడిగిన రంగు మీద పలచగా పూయాలి. మందంగా పూస్తే రక్షణ పెరగదు, తుడవడం కష్టమవుతుంది, అంతే. ఎప్పుడో పండుగకు బయటికి తీసే కారైతే మైనం పూసి మురుసుకోవచ్చు. సిరామిక్ పూత వద్దనను. కాని పొడిగుడ్డ అలవాటు మానకుండా దానికి డబ్బు పోయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

"నీళ్లు లేని చోట కడగమంటారేమి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందుకే గొట్టంతో కడగడానికి నేను వ్యతిరేకిని. మీ ఇంటి గొట్టం కింద బిందె పెట్టి, ఎన్ని సెకండ్లలో నిండుతుందో కొలవండి. కారు కడిగే పావుగంటలో ఎన్ని బిందెలు పోతాయో లెక్క మీరే వేయగలరు. సీలెంట్ ఉన్న కారుకు రెండు బకెట్లు చాలు. ఒకదానిలో కొద్దిగా షాంపూ నీరు, రెండోదానిలో మంచి నీరు. ముందు మగ్గుతో నీరు పోసి దుమ్మును జారనివ్వాలి. ఆ తరువాతనే గుడ్డ పెట్టాలి. మాటిమాటికీ గుడ్డను మంచి నీటిలో జాడించాలి. మంచి పూత వల్ల మన సీమకు కలిగే అసలు లాభం, నా దృష్టిలో, మెరుపు కంటే ఈ నీటి పొదుపే.

నా మాట కూడా ఊరికే నమ్మకండి. ఇంట్లో పాత రంగురేకు ముక్క ఉంటే, సగానికి కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో నునుపు చేయండి. రెండు సగాల మీదా ఒక్కొక్క నీటిచుక్క వేసి పక్కనుంచి చూడండి. ఒకటి గుండ్రంగా నిలుస్తుంది, ఒకటి పరచుకుంటుంది. రేకును ఎండలో పెట్టి, వారానికొకసారి అదే పరీక్ష చేసి, ఎన్ని వారాలకు తేడా మాయమవుతుందో నోటుపుస్తకంలో రాయండి. అంగట్లో ఎవరైనా "మా పూత ఏడాది నిలుస్తుంది" అన్నప్పుడు ఏమి అడగాలో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఆ కుర్రవాడు ఇప్పుడు రోజూ పొద్దున్నే వాళ్ల నాయన చేతిలోని పొడిగుడ్డ లాక్కుని మగ్గు అందిస్తున్నాడట. పడిన గీతలు పోలేదు. కొత్తవి మాత్రం పడటం లేదని మొన్న చెప్పాడు.