మూడువందల ముప్పై ఆరో మెట్టు

టెన్నిస్ ఆడేవాళ్ళంటే మనకందరికీ మారాజుల కిందే లెక్క. పేపర్లో ఆటల పేజీ తిప్పితే నెగ్గినవారికి ఇన్ని కోట్లు, ఫైనల్లో ఓడినవారికి ఇన్ని కోట్లు అని వేస్తారు. అంతెందుకు, 2025 వింబుల్డన్‌లో మొదటి రౌండులోనే ఓడి ఇంటిదారి పట్టినవారికి కూడా 66 వేల పౌన్లు ముట్టాయి. "ఓడిపోతేనే అంత వస్తుంటే ఇంక వాళ్ళకు సాయమెందుకండీ!" అన్నారు మన హోసూరు పెద్దాయన ఒకరు. పైకి చూస్తే సబబైన మాటే. కానీ ఆ 66 వేల పౌన్ల గుమ్మం దాకా చేరేది ఎంతమందో, చేరనివాళ్ళ బతుకేమిటో ఈసారి కాస్త లెక్క చూద్దాం.

వింబుల్డన్ వంటి పెద్ద పోటీల్లో మగవారి సింగిల్స్‌కు 128 మందిని తీసుకుంటారు. అందులో ర్యాంకును బట్టి నేరుగా లోపలికి వెళ్ళేది 104 మందే. ఇంకొక 16 మంది ముందుగా క్వాలిఫయింగ్ పోటీల్లో మూడు మ్యాచ్‌లు గెలిచి రావాలి. మిగతా ఎనిమిదీ నిర్వాహకులు ఇష్టపడి ఇచ్చే చోట్లు. ప్రపంచంలో నాలుగువందలో ర్యాంకువాడంటే మామూలు ఆటగాడు కాడు సుమండీ. కోట్లమంది ఆడే ఆటలో నాలుగువందల్లో ఒకడు! అయినా అతనికి ఆ గుమ్మం కనబడదు. అతను ఆడేది అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నడిపే చిన్న పోటీల్లో. వాటిలో అన్నిటికంటే కింది మెట్టు పోటీకి మొత్తం బహుమతి సొమ్ము 15 వేల డాలర్లు. వారమంతా ఆడి, అందరినీ ఓడించి నెగ్గినవాడికి వచ్చేది 2,160 డాలర్లు. మొదటి రౌండులో ఓడినవాడికి 156 డాలర్లు, అంటే మన డబ్బులో పదమూడు వేల చిల్లర. అందులో పన్ను పోగా మిగిలినదానితో విమానం టికెట్టు, హోటలు గది, తిండి, రాకెట్లకు తీగలు అన్నీ గడవాలి. కోచ్‌ని వెంట తీసుకుపోవడం ఊహకందని మాట.

2013 సంవత్సరపు లెక్కలు తీసుకొని ఆ సమాఖ్యే ఒక పరిశీలన చేయించింది. ఆ ఏడాది ప్రొఫెషనల్ పోటీల్లో ఆడినవారు పధ్నాలుగు వేలకు కాస్త తక్కువ. వారిలో ఆరువేల మందికి పైగా ఒక్క డాలరు కూడా సంపాదించలేదు. కోచ్ ఖర్చు కలపకుండానే ఏడాదికి సగటున మగవారికి 38,800 డాలర్లు, ఆడవారికి 40,180 డాలర్లు ఖర్చయింది. పెట్టిన ఖర్చు పెట్టినట్టు తిరిగి రావాలంటే మగవాళ్ళు 336వ ర్యాంకుకు, ఆడవాళ్ళు 253వ ర్యాంకుకు చేరాలని తేలింది. ఆ మెట్టు ఎక్కిందాకా ఆడిన ప్రతి వారమూ చేతి చమురే.

పైమెట్టు మీద ఉన్నవారి సంగతీ అంతంత మాత్రమే. సుమిత్ నాగల్ 2019లో అమెరికన్ ఓపెన్‌లో ఫెదరర్ దగ్గర ఒక సెట్టు గెలిచిన కుర్రవాడు. అదే ఏడాది మొదట్లో ఒక పోటీ నుంచి తిరిగి వస్తుంటే తన పర్సులో ఆరు డాలర్లే మిగిలాయని తర్వాత చెప్పుకొన్నాడు. 2017 నుంచి విరాట్ కోహ్లీ ఫౌండేషన్ ఆదుకోబట్టి నిలిచాడట. 2023 సెప్టెంబరులో, దేశంలో మొదటి స్థానంలో ఉండి కూడా, బ్యాంకులో తనకున్నది 900 యూరోలేనన్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడు బుబ్లిక్‌ను ఓడించి, రెండో రౌండుకు చేరినందుకు లక్షా ఎనభై వేల ఆస్ట్రేలియా డాలర్లు అందుకున్నాడు. ఆ 900 యూరోలు కూడా అయిపోయి మధ్యలోనే ఆట మానేసి ఉంటే? ఆ గెలుపు మనకు ఉండేదే కాదు, లేదన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు.

ఇందులో ఇంకొక ప్రమాదముంది. టెన్నిస్‌లో అవినీతిని విచారించిన స్వతంత్ర సంఘం 2018లో ఇచ్చిన నివేదికలో, పందెం రాయుళ్ళ బెడద కింది స్థాయి పోటీల్లోనే ఎక్కువని తేల్చింది. ఆటగాళ్ళకు ఖర్చులు కూడా రాకపోవడం దానికొక ముఖ్య కారణమని చెప్పింది. తిరుగు టికెట్టుకు డబ్బు లేని ఇరవయ్యేళ్ళ పిల్లవాడి దగ్గరకు ఎవడో వచ్చి ఒక సెట్టు వదిలేస్తే ఇంత ఇస్తానంటే, కాదనడానికి ఎంత గుండె కావాలి!

పెద్దలు అసలు కదల్లేదని కాదు. కరోనా ఏడు 2020లో టెన్నిస్ సంస్థలన్నీ కలిసి అరవై లక్షల డాలర్లకు పైగా పోగుచేసి, దాదాపు 800 మందికి పంచాయి. 2024 నుంచి మగవారి సంఘం ఏటీపీ ఒక కనీస ఆదాయ పథకం పెట్టింది. మొదటి ఏడాది 176 నుంచి 250 వరకు ర్యాంకున్నవారికి 75 వేల డాలర్లకు హామీ ఇచ్చారు. తగ్గితే ఆ తేడా సంఘం భరిస్తుంది. మంచిదే. కానీ ఆ హామీ 250వ ర్యాంకు దగ్గర ఆగిపోతుంది. 251వ వాడు మళ్ళీ ఇంట్లోవాళ్ళ మీద పడవలసిందే.

ఇంతకీ పైకి వచ్చినవాళ్ళను ఎవరు నిలబెట్టారు? లియాండర్ పేస్ 1985లో పిల్లవాడుగా మద్రాసులో బ్రిటానియా-అమృతరాజ్ శిక్షణ కేంద్రంలో చేరాడు. జూనియర్ వింబుల్డన్ నెగ్గింది 1990లో, ఒలింపిక్స్ కాంస్యం తెచ్చింది 1996లో. అంటే ఆ సాయం పతకమై తిరిగి రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. హైదరాబాదులో సానియా మీర్జాకు చిన్న వయసులోనే జి.వి.కె. సంస్థ అండగా నిలిచింది. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్ దారి వేరు. అతను అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయానికి ఆడుతూ చదువుకున్నాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016 అమెరికన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి, కాళ్ళు పట్టేస్తున్నా ఐదు సెట్లు పోరాడి ఓడాడు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో, ముప్పై ఆరేళ్ళు నిండబోతూ, డబుల్స్‌లో రజతం తెచ్చాడు. ఒకరికి కంపెనీ, ఒకరికి యూనివర్సిటీ. ఏతావాతా తేలేదేమంటే, గెలవక ముందే ఎవరో ఒకరు నమ్మి పెట్టుబడి పెట్టారు.

ఆ నమ్మకం మన ప్రాంతానికి కొత్తదేం కాదు. హోసూరు టి.వి.ఎస్. వారు 1982లోనే మోటారుసైకిల్ రేసుల జట్టు పెట్టారు. బండి కంపెనీది, దాన్ని చూసుకునే మనుషులు కంపెనీవాళ్ళు. పందెంలో పాల్గొనేవాడు తన బండి తానే కొనుక్కొని, గెలిచి వచ్చాక లెక్క చూసుకుందామని అక్కడెవరూ అనరు. టెన్నిస్ పిల్లలతో మాత్రం మనం సరిగ్గా అదే అంటున్నాం.

మొన్న కృష్ణగిరి పక్క పల్లె నుంచి మామిడి తోట ఆసామి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పదహారేళ్ళ కూతురు బాగా ఆడుతుందట, రాష్ట్రస్థాయి దాకా వెళ్ళింది. "అన్నా, తోట కుదువ పెట్టేదా వద్దా? నువ్వే చెప్పు" అన్నాడు. నేను పై లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించి, "తమ్ముడూ, తోట జోలికి పోవద్దు" అన్నాను. "మరి బిడ్డను ఆపేసేదా?" అన్నాడు. ఆపమని కాదు. "అంటు నాటినాక మొదటి మూడేళ్ళూ పూత వస్తే నువ్వే దులిపేస్తావు కదా, చెట్టు నిలదొక్కుకోవాలని? ఈ మూడేళ్ళూ ర్యాంకు కోసం దేశాలు తిప్పొద్దు. చదువు సాగనీ, ఇక్కడ దొరికే పోటీలు ఆడనీ. ఆ తర్వాత కాలేజీ దారి చూడు. మన సహజ యమలపల్లి అట్లాగే అమెరికాలో శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదివి, ఆడి, దేశం జట్టులోకి వచ్చింది" అన్నాను. ఒక మనిషి తోట మీద పెట్టే భారాన్ని పదిమంది పంచుకుంటే అది భారమే కాదని కూడా అన్నాను. ఆ పదిమంది ఎవరని అతను అడగలేదు. మీ తరఫున నేనే అడుగుతున్నాను.

మన సంఘం చేయగలిగినవి మూడు తోస్తున్నాయి. మొదటిది కాగితాల పని. మనం తెలుగువాళ్ళమే గానీ మన పిల్లలు ఆడేది తమిళనాడు తరఫున. ఇక్కడి క్రీడాభివృద్ధి సంస్థకు ఉపకార వేతనాలున్నాయి. 2023లో మొదలైన తమిళనాడు చాంపియన్స్ ఫౌండేషన్ ప్రయాణాలకూ సామగ్రికీ సాయం చేస్తోంది. తమిళంలో దరఖాస్తు నింపడానికి జంకే తల్లిదండ్రుల పక్కన, ఆ భాష బాగా వచ్చిన మన కుర్రవాడు ఒకడు కూర్చుంటే చాలు. రెండోది వసతి. అమెరికాలో చిన్న పోటీలకు వచ్చే ఆటగాళ్ళను ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళలో పెట్టుకొని అన్నం పెట్టే అలవాటు ఉంది. బెంగుళూరులో పోటీ అయితే అక్కడున్న మన చుట్టాలిళ్ళకు కొదవా? వారం హోటలు ఖర్చు తప్పిస్తే ఆ పిల్లకు ఇంకొక వారం ఆట ఇచ్చినట్టే.

మూడోది డబ్బు. ఒకేసారి పెద్ద మొత్తం అక్కర్లేదు, ఏటా ఆగకుండా ఇచ్చే చిన్న మొత్తం కావాలి. ఓడిన ఏడు కూడా ఇవ్వాలి. అసలు ఓడిన ఏడే ఇవ్వాలి. పతకం తెచ్చినవారికి శాలువా కప్పడానికి ఊరంతా వస్తుంది, మనం కాకపోతే ఇంకొకరు కప్పుతారు. రాబోయే ఉగాది ఉత్సవాల ఖర్చుల పట్టిక వచ్చే నెల కార్యవర్గం ముందుకు వస్తుంది. శాలువాలు, జ్ఞాపికలు అని రాసే వరుస కింద "ఆటపిల్లల ప్రయాణ ఖర్చు" అని ఇంకొక వరుస రాయమని కోరుతున్నాను. ఆ వరుసలో మొదటి అంకె వేయడానికి నేను సిద్ధం. రెండో అంకె మీది.