గుత్త డబ్బు రైతుకు, కూలికి ఏమిటి?

పావగడ తాలూకా తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పలకలు పరుచుకున్నాయి. మొత్తం 2,050 మెగావాట్లు. ఈ భూమిని ప్రభుత్వం సేకరించలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల గుత్తకు తీసుకుంది. పట్టా రైతు పేరునే ఉంది. వానల్లేక శెనక్కాయ పంట ఏటేటా ఎండిన నేలకు ఇది మంచి బేరమేనంటాం.

గుత్త రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. పదేళ్లకు ఎంత? సుమారు 26,800. (ఏడో తరగతి పిల్లలతో చేయించదగ్గ లెక్కే.) అంగట్లో బియ్యం, బేడల ధరలు ఇంత నెమ్మదిగా పెరగవు.

అసలు చిక్కు వేరే. సెంటు భూమి లేనివాళ్లు ఆ చేలలోనే కలుపు తీసి, కాయ ఒలిచి బతికారు. గుత్తలో వాళ్లకు పైసా రాదు. పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి పనులు కొందరికే దొరికాయి. మిగిలినవాళ్లు బెంగళూరు పోతే, మన తెలుగు బడిలో చదివే బిడ్డ అక్కడ ఏ బడిలో చేరాలి?

2013 భూసేకరణ చట్టం ఆహార భద్రత కోసం రెండు మూడు పంటలు పండే నీటి వసతి భూములకు అడ్డుకట్ట వేసింది. భూమి లేని వ్యవసాయ కూలీలను కూడా నష్టపోయిన కుటుంబాలుగా లెక్కించింది. ఇక్కడ జరిగింది సేకరణ కాదు కాబట్టి ఆ లెక్కలోకి వీళ్లు రాలేదు. ఇకపై రాసుకునే గుత్త పత్రాల్లోనైనా కూలి కుటుంబాలకు వాటా ఉండాలని గ్రామసభలో మనం అడగాలి.