పేదల పేరు చెప్పి

నల్లా రేట్లు పెంచుతారన్న మాట పుట్టిన ప్రతిసారీ మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకటే ప్రశ్న: "పేదవాళ్లు ఎట్లా బతకాలి?" ఆ మాట గొంతెత్తి అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అర్జీ రాసింది నేనే. అందులో బస్తీల గురించి మూడు వాక్యాలున్నాయి. మా వీధి చివరి బస్తీలో ఎన్ని ఇళ్లకు నల్లా ఉందో, ఎన్ని రోజులకోసారి వస్తుందో కనుక్కోకుండానే రాశాను. ఆ తర్వాతా కనుక్కోలేదు.

హైదరాబాద్‌లో ఇప్పటికీ చాలామంది నల్లా నీళ్లను మంజీరా నీళ్లనే అంటారు. అంతకు ముందు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి. ఆ నీళ్లు పల్లానికి వాటంతటవే దిగివచ్చేవి. ఇప్పుడు కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచొస్తున్నాయి. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. నగరం ఉన్నది 500 మీటర్లకు పైన. అంటే ఆ నీళ్లలో మన ఇంట్లో పడే ప్రతి బిందెనూ ఎవరో మూడు వందల మీటర్ల పైకి ఎత్తిపోస్తున్నారు. ఆ కరెంటు ఖర్చు ఎవరు భరించాలన్నది మా మీటింగుల్లో ఒక్కసారీ చర్చకు రాలేదు.

2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మొదలయ్యాయి. అప్పటిదాకా మీటరు పెట్టడానికి ఏళ్లతరబడి సాకులు చెప్పిన మేము, మీటరుంటేనే ఉచితం అనగానే పరుగున బిగించుకున్నాం. ఫ్లాటుకో ఆధార్ ఇచ్చాం. రెండు కార్లున్న ఇంటికీ సున్నా బిల్లు వచ్చింది. మాకక్కర్లేదు, నల్లాయే లేని ఇళ్లకు ముందు లైను వేయండి అని ఒక్కరమూ అనలేదు. పైగా లైనుకే మోటారు బిగించి గుంజుకున్నాం. పక్క ఇళ్లలో ధార సన్నబడుతుందని తెలుసు.

2024 వేసవిలో బోర్లు ఎండాయి. అప్పుడు ట్యాంకరతను చెప్పిన ధర బేరమాడకుండా ఇచ్చాం. నల్లా రేటు కొంచెం పెరిగితే అన్యాయం అన్న నోళ్లతోనే ఇంకో ట్యాంకర్ పంపమని బతిమాలాం.

మురుగు విషయంలో మా తప్పు ఇంకా పెద్దది. డ్రైనేజీ సెస్సు నీటి చార్జీలో 35 శాతం. నీటి చార్జీ సున్నా అయితే దానిమీద సెస్సూ సున్నా. మేము వదిలే మురుగు మాత్రం సున్నా కాలేదు. శుద్ధి కానిది నాలాల్లోంచి మూసీలో కలిసి, నగరం దిగువన గడ్డి కోసేవాళ్ల కాళ్ల కిందికి, నల్గొండ దాకా వరి మళ్లలోకి పోతోంది. మేము కట్టనిది వాళ్లు ఒంటితో కడుతున్నారు. 2021లో 3,866 కోట్లతో 31 శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. మా దగ్గర మాత్రం వద్దు, వాసన వస్తుంది అన్నాం.

మాలాంటి వాళ్లకు రేటు పెరగాలి. పెరిగిన డబ్బు ముందు బస్తీ నల్లాకూ మురుగుశుద్ధికీ పోవాలి. ఈ మాట మేమే అడగాల్సింది. అడగకపోగా, పేదల్ని ముందు నిలబెట్టి వెనక దాక్కున్నాం.

ఒకసారి మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. ఫిర్యాదు చేసి ఆగే ఓపిక లేక ఒక మనిషిని పిలిచాం. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరమని మాలో కొందరికి తెలుసు. నాకూ తెలుసు. అతను బనీను విప్పి, తాడు పట్టుకుని దిగాడు. అరగంట తర్వాత పైకొచ్చి, "సార్, స్నానానికి కొంచెం నీళ్లిప్పిస్తారా" అని అడిగాడు.

"సంపులో తక్కువున్నాయి, ఒక్క బకెట్ తీసుకో" అన్నాను నేను.